కొనబోతే అడవి, తోలబోతే కొరివి

మా బామ్మర్ది ప్లాట్లు అమ్ముతాడు. ఎల్బీనగర్‌లో అదేమీ విశేషం కాదు. చౌరస్తాలో నిలబడి “గజం ఎంత?” అని కాస్త గట్టిగా అంటే నలుగురు తిరిగి చూస్తారు, ఇద్దరు విజిటింగ్ కార్డు తీస్తారు. ఇన్నాళ్ళూ మావాడు కస్టమర్లను ఒక చిన్న తెల్ల కారులో కుక్కి చౌటుప్పల్ వైపు సైటుకు తీసుకెళ్ళేవాడు. అక్కడ దిగాక గజం పన్నెండు వేలంటే వాళ్ళు భూమిని చూడకుండా కారును ఎగాదిగా చూసి ఎనిమిది వేలకు అడిగేవాళ్ళట.

“బావా, భూమి ధర భూమిల ఉండదు. మనం ఏ కారుకు ఆనుకొని నిలబడ్డమో దాంట్ల ఉంటది” అన్నాడు ఒకరోజు, చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుతూ. బిస్కెట్ విరిగి కప్పులో పడింది. శకునం నాకు అప్పుడే అర్థం కావలసింది.

అలా ఆనుకోవడానికి తగిన కారొకటి దొరికింది. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య హైవే పక్కన ఒక పాత కార్ల కన్సల్టెన్సీలో, ‘పార్క్ అండ్ సేల్’ కింద పెట్టారు. 2014 మోడల్, డీజిల్, మూడో ఓనర్, తిరిగింది 1,42,000 కిలోమీటర్లు. కంపెనీ పేరు రాయను. జర్మనీది. ముందర ఉన్నది నాలుగు వలయాలో, మూడు కొమ్మల నక్షత్రమో, నీలం తెలుపు బిళ్ళో మీరే ఊహించుకోండి. కొత్తలో అరకోటి దాటిన బండి, ఇప్పుడు తొమ్మిదిన్నర లక్షలు. కొత్త చిన్న కారు కూడా రోడ్డెక్కేసరికి అంతే అవుతుంది.

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అని పెద్దలన్నారు. వాళ్ళు ఈ కార్లను చూడలేదు. వీటి దగ్గర కొనబోయేటప్పుడే అడవి. కొరివి ఎక్కడుందో తాళంచెవి చేతికొచ్చాక తెలుస్తుంది.

కన్సల్టెన్సీకి వెళ్ళాం. కొత్తపేట పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం వైపు తరలిపోయాక ఈ దారిలో బేరాల గోల తగ్గిందనుకున్నాను. లేదు, మామిడి కాయల స్థానంలో కార్లు వచ్చాయంతే. పైన నిగనిగలాడేలా తుడవడం, మచ్చ ఉన్న వైపు గోడకు తిప్పి పెట్టడం, అన్నీ ఆ విద్యలే. పాత కార్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం నిబంధన ఉంది కదా, మీకుందా అని కన్సల్టెన్సీ ఆయనను అడిగాను. ఆయన గోడ మీది వినాయకుడి పటం చూపించాడు.

కారు ఓనరు కూడా వచ్చాడు. మెడలో గొలుసు, చేతిలో రెండు ఫోన్లు, మావాడి వయసే. మొదలుపెట్టాడు: “డాక్టర్ సాబ్ వాడిన బండి అన్నా. ఆదివారం ఆదివారం తీసెటోడు. షోరూం ట్రాక్. ఒక్క గీత లేదు. పేపర్లన్నీ క్లియర్.”

తెలుగునాట చేతులు మారే కార్లన్నీ డాక్టర్లు వాడినవే. ఇన్ని కార్లు కొని, ఇంత జాగ్రత్తగా వాడి, ఇంత చవగ్గా అమ్మేస్తూ ఉంటే ఆ మహానుభావులు ఆపరేషన్లు ఎప్పుడు చేస్తారో. పైగా ఆదివారాలు మాత్రమే తిరిగి 1,42,000 కిలోమీటర్లు కావాలంటే వారం వారం ఈ డాక్టరు దాదాపు నూట పాతిక కిలోమీటర్ల అవతల ఎక్కడో టిఫిన్ చేసి రాత్రికి ఇల్లు చేరి ఉండాలి.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఓనరు కాదు, మా బామ్మర్ది. ‘క్లియర్ టైటిల్, స్పాట్ రిజిస్ట్రేషన్, ఓఆర్ఆర్‌కి పది నిమిషాలు’ అని పొద్దుటినుంచి రాత్రిదాకా చెప్పేవాడు, అదే కూనిరాగాన్ని ఇంకొకడి నోట విని కరిగిపోయాడు. పది నిమిషాలంటే హెలికాప్టర్‌లో అని తనకు తెలుసు. ఆదివారమంటే ఏడు రోజులని మాత్రం తట్టలేదు. మిఠాయి కొట్టువాడు ఇంకో మిఠాయి కొట్టు ముందు నిలబడి చొంగ కార్చినట్టుంది వ్యవహారం.

మా నాయన నల్గొండ జిల్లా అంగడిలో ఎడ్లు కొనేవాడు. నోరు తెరిపించి పళ్ళు చూసేవాడు. సుడి ఎక్కడుందో వెతికేవాడు. నాలుగడుగులు నడిపించి, కాలు ఎత్తి గిట్ట చూసి, అప్పుడు దళారితో తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని ధర మాట్లాడేవాడు. ఎద్దు పళ్ళను వెనక్కి మొలిపించే విద్య ఆ అంగట్లో ఎవరికీ రాదు. కారు మీటరుకు ఆ విద్య ఉంది. ఒక ల్యాప్‌టాప్, ఒక తీగ, ఒక అరగంట ఉంటే లక్షన్నర కాస్తా యాభై వేలవుతుంది. ఈ నగరంలో ఏటేటా వయసు తగ్గేవి రెండే, ఒకటి పాత కారు మీటరు, రెండోది సినిమా హీరో.

అందుకే చెబుతున్నాను, నన్ను 1,42,000 అన్న అంకె భయపెట్టలేదు. పదకొండేళ్ళకు లెక్కేస్తే రోజుకు 35 కిలోమీటర్లు. ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీకి పోయి రావడానికే చాలవు. భయపడవలసింది పదకొండేళ్ళ వయసొచ్చినా 42,000 దగ్గర ఆగిపోయిన కారును చూసి. ఎక్కువ తిరిగి, ప్రతి పదివేలకూ సర్వీసు బిల్లున్న బండి ఎంతో నయం. బిల్లుల గొలుసు ఎక్కడ తెగిందో మీటరు అక్కడే వెనక్కి తిరిగి ఉంటుంది. ఈ కారుకు బిల్లులు 2019 వరకు ఉన్నాయి. తర్వాత మౌనవ్రతం.

మొదటి బిల్లుల మీద నంబరు డీఎల్‌తో మొదలైంది. అంటే మన డాక్టరుగారు ఢిల్లీ వాస్తవ్యులు. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగకూడదని హరిత ట్రిబ్యునల్ 2015లో అంది, సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో సరేనంది. 2025 జులై 1 నుంచి అలాంటి వాటికి బంకుల్లో ఆయిలే పొయ్యొద్దన్నారు, జనం గగ్గోలు పెడితే రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఈ గొడవంతటిలో వాటి ఓనర్లు చేసిన తెలివైన పని ఒకటే, ఎన్ఓసీ తీసుకుని బండిని దక్షిణాదికి సాగనంపడం. అక్కడ తాతయ్య కాబోతున్నవాడు రైలు దిగి ఇక్కడ పెళ్ళికొడుకయ్యాడు. కట్నం మనమే ఇవ్వాలి. ఇక్కడి నంబరు రావాలంటే లైఫ్ ట్యాక్స్ కట్టాలి. వయసును బట్టి శాతం తగ్గిస్తారు గానీ, లెక్క మాత్రం ఆ కొత్తలోని అరకోటి ఇన్‌వాయిస్ మీద మొదలవుతుంది. మన తొమ్మిదిన్నర లక్షలను అక్కడ ఎవరూ పట్టించుకోరు.

అసలు ఈ కార్ల కిటుకంతా ఇదే. కారు ధర ఏడాదికేడాది పడిపోతుంది. దాని సామాను ధర పడదు. బంపర్ వెనకుండే సెన్సరుకు తాను తొమ్మిదిన్నర లక్షల కారులో ఉన్నానని తెలియదు పాపం, అది ఇంకా అరకోటి కారులోనే బతుకుతోంది.

ఆటోనగర్ షెడ్డు నుంచి నాకు తెలిసిన భాయ్‌ని పిలిపించాను. ఆయన వచ్చీ రాగానే బోనెట్ మీద అరచెయ్యి పెట్టాడు. “సాబ్, మీరొస్తరని ముందే వేడి జేసి పెట్టిన్రు. చల్లగ ఉన్నప్పుడు స్టార్ట్ జేస్తే గదా గొంతు తెలిసేది” అన్నాడు. స్కానర్ తగిలించాడు. తెర మీద ఎర్రక్షరాలు ఒక్కొక్కటే రాలడం మొదలైంది. ఓనరు ఫోన్ మాట్లాడుతూ పక్కకు వెళ్ళాడు.

భాయ్ చెప్పినవన్నీ రాస్తే కాలమ్ చాలదు. మచ్చుకు ఇంజన్ గొలుసు సంగతి. కొన్ని జర్మన్ డీజిల్ ఇంజన్లలో టైమింగ్ చైన్ ముందు వైపు ఉండదు, వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అది గలగలమందంటే చూడ్డానికే ఇంజన్నో గేర్‌బాక్సునో దింపాలి. పంటి నొప్పికి తల తీసి పక్కన పెట్టినట్టు. ఇక గేర్ ఆయిలు. జీవితాంతం మార్చనక్కర్లేదని కొన్ని కార్ల కంపెనీలు చెబుతాయి. ఆ గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్ఎఫ్ అనే జర్మన్ కంపెనీయేమో 80,000, 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. జీవితాంతం అన్నది ఎవరి జీవితమో కంపెనీలు చెప్పలేదు. ఈ బండికి మార్చిన దాఖలా లేదు. టైర్లు గాలి పోయినా కొంతదూరం పరిగెత్తే రకం, అందుకని డిక్కీలో స్టెప్నీ లేదు. నాలుగూ మార్చే డబ్బుతో కొత్త స్కూటరే వస్తుంది.

“భాయ్, ఇది నీళ్ళల్ల మునిగిందా సూడు” అన్నాడు బామ్మర్ది. అంతసేపట్లో వాడు అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే. చెరువు అన్న మాట మీద వాడికి పట్టు ఎక్కువ. 2024 జులైలో చెరువుల్లో కట్టినవాటిని కూల్చే హైడ్రా వచ్చిన దగ్గర్నుంచి ప్రతి కస్టమరూ ముందడిగేది ఎఫ్‌టీఎల్ గురించే, అంటే చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ హద్దు గురించే. 2020 అక్టోబరు వానల్లో సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో కార్లు రోజుల తరబడి నీళ్ళలో నానడం మేమిద్దరం కళ్ళారా చూశాం. ఆ కార్లన్నీ ఏమయ్యాయని ఎవరూ అడగలేదు. తుడుచుకుని, ఆరబెట్టుకుని, ఎక్కడో ఒకచోట ‘ఒక్క గీత లేదు’ అనిపించుకుంటూ నిలబడే ఉంటాయి.

కారుకూ ఎఫ్‌టీఎల్ ఉంటుందని ఆ రోజే తెలిసింది. సీటు బెల్టును చివరంటా లాగితే, మునిగిన బండైతే లోపలి కొసన బురద చార కనిపిస్తుంది. కార్పెట్ ఎత్తి వాసన చూడాలి, సీటు కింది బోల్టులకు తుప్పుందేమో చూడాలి. భాయ్ బెల్టు లాగాడు. చార లేదు. కాకపోతే బెల్టు కారు కన్నా చాలా కొత్తగా ఉంది.

చివరికి భాయ్ ఒక సిగరెట్ పెట్టె అట్ట చింపి, వెనక అంకె వేసిచ్చాడు. మూడు లక్షల ఎనభై వేలు. “గిది ఇప్పటికి సాబ్. ఆర్నెల్ల సంగతి అల్లాకెరుక.”

రాత్రి మా ఇంట్లో పంచాయితీ. మా ఆవిడ తమ్ముడికి అన్నం వడ్డిస్తూ ఆ అట్టముక్క చూసింది. ఆమెకు కార్లు తెలియవు, లెక్కలు తెలుసు. “ఎల్బీనగర్ నుంచి మియాపూర్‌కు మెట్రో టికెట్ 69 రూపాయలు. ఈ రిపేరు డబ్బుతో 5,507 సార్లు పోవచ్చు. రోజూ పోయొచ్చినా ఏడున్నరేళ్ళు. ఏసీ కూడా వాళ్ళదే” అంది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో మొదలైనప్పుడు ఈ వాదన ఇంకా బలంగా ఉండేది, సీటు కూడా దొరికేది.

“అక్కా, మెట్రోకు ఆనుకొని నిలబడి ప్లాటెట్ల అమ్మాలె?” అన్నాడు వాడు. ఆ ప్రశ్నకు జవాబు మా ఇంట్లో లేదు. “కర్మన్‌ఘాట్ హనుమంతుని దగ్గర పూజ చేపిస్త, ఏం గాదు” అని కూడా అన్నాడు. ఆంజనేయుడు సంజీవని కోసం కొండనే మోసుకొచ్చినవాడు, నిజమే. ఈ కారుకు కూడా అలాగే మోసేవాడే కావాలి.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం, అడ్వాన్సు ఇవ్వడానికి. అక్కడ మావాడు తన అమ్ములపొదిలోని అసలు బాణం తీశాడు. “అన్నా, క్యాష్ ఎందుకు? చౌటుప్పల్ దిక్కు నూటయాభై గజాల ప్లాటిస్త. నీ తొమ్మిదిన్నర కన్న ఎక్కువే అయితది.”

ఓనరు ముఖంలోని చిరునవ్వు చప్పున మాయమైంది. గొలుసు సర్దుకుని నెమ్మదిగా అడిగాడు: “లింకు డాక్యుమెంట్లు ఉన్నయా? ఈసీ తీసినవా? లేఔట్‌కు హెచ్ఎండీఏ పర్మిషనా, గ్రామ పంచాయితీదా? చెరువేమన్న ఉందా పక్కన?”

ఇంత శాస్త్రోక్తంగా అడగడం ఒక్క ప్లాట్లు అమ్మేవాడికే సాధ్యం. అవును, ఆయనదీ అదే వ్యాపారం, సాగర్ రోడ్డు వైపు. మార్కెట్ పడిపోయి ఈ కారు అమ్ముతున్నాడు. ఆయన కూడా దీన్ని మూడేళ్ళ కింద కొన్నది ఆనుకుని నిలబడటానికే.

మావాడికి రోషం వచ్చింది. “ముందు నీ బండి 2019 తర్వాతి సర్వీసు బిల్లులు సూపెట్టు” అన్నాడు.

ఇద్దరూ కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కన్సల్టెన్సీ కుర్రాడు మూడు చాయ్‌లు తెచ్చాడు. తాగాం. ఓనరు చెయ్యి కలిపి, రోడ్డు దాటి, మెట్రో స్టేషన్ మెట్లెక్కి వెళ్ళిపోయాడు. మా బామ్మర్ది నా స్కూటర్ వెనకెక్కాడు.

కారు ఇంకా అక్కడే ఉంది, ధర తొమ్మిదికి దిగిందట. చూడాలనుకునేవాళ్ళు పొద్దున్నే ఆరింటికి, ఫోన్ చేయకుండా వెళ్ళండి. ముందుగా బోనెట్ మీద చెయ్యి పెట్టండి.