తూకం వేసేవాళ్లే గానీ చదివేవాళ్లేరీ?

నేను పరిశోధన చేసినవాణ్ణి కాను, చేసేవాళ్లకి పుస్తకాలందించినవాణ్ణి. యూనివర్సిటీ లైబ్రరీ పీరియాడికల్స్ సెక్షన్లో చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాను. కెమిస్ట్రీ వాళ్లు, లెక్కల వాళ్లు, చరిత్ర వాళ్లు, తెలుగు వాళ్లు, ఎవరైనా సరే నా కౌంటరు ముందుకి రావాల్సిందే. ఎవడు నిజంగా చదువుతున్నాడో, ఎవడు ఫ్యాను కింద కూర్చోడానికి వచ్చాడో వాళ్ల గైడ్లకన్నా మాకే బాగా తెలిసేది.

మా రోజుల్లో కెమిస్ట్రీ స్కాలరు తలుపులు తీసేసరికే వచ్చి కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ బీరువాల దగ్గర నిలబడేవాడు. ఆ ఇండెక్సు సంపుటాల్ని కుర్చీ దాకా మొయ్యడం కన్నా నిలబడి చూసుకోవడమే సుఖం. చీమ తలకాయంత అక్షరాలు. కాంపౌండు పేరు పట్టుకుని వెతికి, నంబరు చిత్తుకాగితమ్మీద రాసుకుని, ఆ నంబరుతో ఇంకో సంపుటం దించి, అక్కడున్న నాలుగు ముక్కల సారాంశం చదివి, అసలు పేపరు ఏ జర్మన్ పత్రికలోనో ఉందని తెలిశాక ఉసూరుమంటూ నా దగ్గరికొచ్చేవాడు. మా దగ్గర లేకపోతే ఢిల్లీలోని సైన్సు సమాచార కేంద్రం ఇన్స్‌డాక్‌కి రాసేవాళ్లం. ఫొటోకాపీ రావడానికి వారాలు పట్టేది.

లేదంటే రీప్రింటు కార్డు. ఈ కాలం పిల్లలు దాన్ని చూసి కూడా ఉండరు. పోస్టుకార్డు మీద, ‘అయ్యా, తమరి ఫలానా వ్యాసం ప్రతి ఒకటి దయచేసి పంపగలరు’ అని ఇంగ్లీషులో ముందే అచ్చేసి ఉండేది. పత్రికల విషయసూచికలు అచ్చేసే కరెంట్ కంటెంట్స్‌లో రచయిత చిరునామా వెతికి, ఖాళీల్లో వ్యాసం పేరు, సంపుటం, పేజీ నింపి అమెరికాకో ఇంగ్లండుకో పోస్టు చేసేవాళ్లు. అదృష్టముంటే రెండు మూడు నెలలకి ఓ పొడుగాటి కవరు వచ్చేది. లోపల వ్యాసం, ఒక్కోసారి పై మూలన ఆ పెద్దమనిషి సంతకం. కవరు మీది స్టాంపు మాత్రం మా అటెండరు గారి అబ్బాయికి రిజర్వు.

అంత పాటుపడి తెప్పించుకున్న కాగితాన్ని చదవకుండా ఎవడుంటాడు? మడతలు పడి చిరిగేదాకా చదివేవారు. ఇప్పుడు మా తమ్ముడి మనవడి ల్యాప్‌టాప్‌లో వందల పీడీఎఫ్‌లున్నాయి. ‘ఇవన్నీ చదివావట్రా?’ అంటే ‘సైట్ చేశాను తాతయ్యా’ అన్నాడు, అంటే తన పేపర్లో వాటిని ప్రస్తావించాడట. నేనడిగిందేమిటి, వాడు చెప్పిందేమిటి?

ఈ సైటేషన్ల గొడవకి మూలపురుషుడు యూజీన్ గార్‌ఫీల్డ్. ఒకరకంగా మావాడే, కొలంబియాలో లైబ్రరీ సైన్సు చదివాడు. కరెంట్ కంటెంట్స్ కూడా ఆయన చలవే. 1960ల్లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. దేనికి? ఓ పాత పేపరు దొరికితే, ఆ తర్వాత దాన్ని ఎవరెవరు ప్రస్తావించారో, ఎవరు కాదన్నారో వెతుక్కోడానికి. వెతుక్కోడానికయ్యా బాబూ! పత్రిక వ్యాసాలకి సగటున ఎన్ని సైటేషన్లొచ్చాయో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టరు కూడా ఆ ఇండెక్సులో ఏ పత్రికల్ని చేర్చాలో తేల్చుకునే పనిలో పుట్టిందే. దాన్ని పట్టుకుపోయి కిరాణా కొట్టులో పప్పు తూచినట్టు మనుషుల్ని తూచడం మొదలుపెట్టారు. 2005లో హిర్ష్ అనే ఫిజిక్సు ప్రొఫెసరు హెచ్-ఇండెక్స్ అని ఇంకో కాటా తెచ్చాడు. 2010లో మన యూజీసీ ఏపీఐ స్కోరంది. పేపరుకిన్ని పాయింట్లు, పుస్తకానికిన్ని, సెమినారుకిన్ని. అప్పట్నించీ మా కౌంటరు దగ్గరికొచ్చే లెక్చరర్లు ‘ఈ పత్రికలో ఏముంది?’ అనడం మానేసి, ‘దీనికి ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరుందా?’ అనడం మొదలెట్టారు.

ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావుగారు 1945లో ఓ పేపరు రాశారు. వేసిందెక్కడ? కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో. క్రామర్-రావు అసమానత అని ప్రపంచమంతా పాఠంగా చెప్పుకునేది అందులోదే. 2023లో, ఆయనకి నూట రెండేళ్లున్నప్పుడు, స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి ఇస్తూ ఆ పేపరునే ఎత్తి చూపించారు. ఇవాళ ఓ కుర్రాడు అలాంటిది పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్తే, ‘పత్రిక ర్యాంకుల్లో ఏ క్వార్టైలు బాబూ?’ అని అడిగి, లోపలి కాగితం తిప్పకుండా పంపేస్తారు. నోబెల్ వచ్చిన హిగ్స్ మహాశయుడే అన్నాడుగా, ఈ రోజుల్లో అయితే తనకి యూనివర్సిటీ ఉద్యోగమే వచ్చేది కాదని.

సైన్సు వాళ్ల సంగతి అలా ఉంచండి. సురవరం ప్రతాపరెడ్డిగారు ఏ యూనివర్సిటీలోనూ ప్రొఫెసరు కారు. వకీలు, గోలకొండ పత్రిక ఎడిటరు. రాజులూ యుద్ధాలూ పక్కన పెట్టి, మన జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని కావ్యాల్లోంచీ సామెతల్లోంచీ ఏరి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది. నాగలికీ, కాడికీ, కళ్లానికీ సంబంధించిన మాటల్ని ఏ ప్రాంతంలో ఎలా అంటారో రైతుల నోటినుంచే పోగుచేసిన పని. ఆ సంపుటం మా లైబ్రరీలో రెండుసార్లు బైండు చేయించాల్సి వచ్చింది. ఆ ఏపీఐ లెక్కన ఎన్నేళ్ల చాకిరీకి ఎన్ని పాయింట్లొస్తాయో ఎవరైనా కట్టి చెప్పండి.

తూకానికి గిరాకీ పెరిగితే కల్తీ రాకుండా ఉంటుందా? 2013లో సైన్స్ పత్రిక తరఫున బొహానన్ అనే ఆయన తప్పులతడకగా ఓ దొంగ పేపరు అల్లి 304 పత్రికలకి పంపాడు. 157 పత్రికలు ‘అలాగే వేస్తాం’ అన్నాయి. వాటిలో మన దేశపు అడ్రసులున్నవీ తక్కువేం కాదు. యూజీసీ వారు మంచి పత్రికల పట్టీ అంటూ కేర్ జాబితా పెట్టారు, 2025లో అదీ ఎత్తేశారు. పోనీ కాపీ ఆపుదామని 2018లో రూలు తెచ్చారు. పది శాతం దాకా పోలిక ఉన్నా శిక్ష లేదట. ఇంకేం, యూనివర్సిటీ గేటు బయట జిరాక్సు షాపులవాడు ‘పర్సెంటేజీ తగ్గించబడును’ అని బోర్డు పెట్టాడు. వాడు మాటలు అటూ ఇటూ మారుస్తాడు, పోలికలు పట్టే మిషను సరేనంటుంది, థీసిస్ నున్నగా బైండింగుకి పోతుంది. ఇప్పుడు ఏఐ వచ్చాక పాపం ఆ షాపువాడికీ బేరాల్లేవు.

మా కాలం బంగారమని అనను. 1991లో రూపాయి విలువ తగ్గించాక, డాలర్ల ధర ఉన్న పత్రికల చందాలు కొట్టేస్తూ జాబితా రాసింది నా చేత్తోనే. ఓడలో వచ్చే సంచికలు నెలలు ఆలస్యం. గైడుగారింటికి కూరగాయలు మోసినవాళ్లనీ, గైడమ్మగారి పిల్లల్ని బడి నుంచి తెచ్చినవాళ్లనీ ఎరుగుదును. చిన్న ఊరి కాలేజీ లెక్చరరు ఒక్క వ్యాసం కోసం రాత్రి బస్సెక్కి వచ్చేవాడు. ఇప్పుడు ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అని మూడేళ్లకి 6,000 కోట్లు పెట్టి, 13 వేల దాకా పత్రికలు ప్రభుత్వ కాలేజీలకి అందుబాటులో పెడుతున్నారు. శోధగంగ వెబ్‌సైటులో దేశంలోని థీసిస్‌లెన్నో ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. మాకు అవి ఉంటే ఏనుగెక్కినంత సంబరపడేవాళ్లం. అందుకే ఒళ్లు మండుతుంది. మా తమ్ముడి మనవణ్ణి కూర్చోబెట్టి, వాడి సబ్జెక్టులో శోధగంగలో ఉన్న థీసిస్‌లు చూపించాను. ‘బావున్నాయి తాతయ్యా, ఇందులోంచి లిటరేచర్ రివ్యూ ఏఐ చేత రాయించేస్తా’ అన్నాడు.

నాకూ గౌరవం దక్కింది లెండి. ఎక్కడి నుంచి నా అడ్రసు పట్టుకున్నారో గానీ ఓ అంతర్జాతీయ పత్రిక వారం వారం మెయిలు పంపుతోంది. ‘ఆ రంగంలో తమరి విశిష్ట కృషి’ చూసి ఎడిటోరియల్ బోర్డులోకి ఆహ్వానిస్తున్నారట. అది దంతవైద్య పత్రిక. నాకున్నవి కట్టుడు పళ్లు, అవీ కింది వరసే.