అమ్మమ్మ జోల

డిగ్రీ రెండో ఏడు చదివేటప్పుడు తిరుపతిలో అన్నమయ్య సంకీర్తనల సంపుటం ఒకటి కొన్నాను. ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ మా అక్క కొడుకుని ఉయ్యాల్లో వేసి అచ్యుతానంద జోల పాడుతోంది. నేను పుస్తకం తెరిచి పక్కనే కూర్చున్నాను.

"ఆ మాట తప్పమ్మమ్మా. చివరి రెండు చరణాలు అసలిందులో లేనే లేవు."

"మా అమ్మ ఇలాగే పాడేదిరా" అంది.

నేను వదల్లేదు. ఆమెకి చదువు రాదు. ఒక్కో పాదం చదివి, నాతోపాటు అనమన్నాను. ఉయ్యాల తాడు ఆమె కుడిచేతిలో ఉంది. అచ్చులో ఉన్న మాట అనాల్సి వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి ఆగిపోయేది. ఊపుకీ మాటకీ పొత్తు కుదరక మళ్ళీ మొదటికొచ్చేది. పిల్లాడు లేచి ఏడ్చాడు. ఆ తర్వాత నేనింట్లో ఉండగా ఆమె ఆ పాట ఎత్తుకోలేదు.

తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల సంగతి చాలా ఏళ్ళకి గానీ నాకు బోధపడలేదు. రేకు మీద పాటుంది, రాగం పేరుంది. ఎలా పాడారో లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు కొత్తగా వరసలు కట్టాల్సి వచ్చింది. ఇంచుమించు 14,000 కీర్తనలు దక్కాయి, అన్నమయ్య గొంతు దక్కలేదు. ఆ రాగికి ఎంత మొక్కినా తక్కువే. అయితే ఈ జోల మాత్రం రేకులు అచ్చుకాకముందు నుంచీ ఆడవాళ్ళ నోళ్ళలో ఉంది, ఊపుకి తగ్గట్టు మాట అరుగుతూ, ఇంటికో చరణం చేరుతూ.

వేదం శ్రుతి అనీ, ఘనపాఠులు స్వరం చెదరకుండా నోటితోనే నిలిపారనీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. అక్కడ అక్షరం కదిలితే దోషం. జోలలో అలా కాదు. ఉయ్యాల్లో ఉన్న పిల్లాడే అచ్యుతుడు, ఊపే తల్లికి తన మాట కలుపుకునే చనువుంది. ఆ చనువే అక్కడ భక్తి. దాన్ని నేను అచ్చుతప్పులా దిద్దబోయాను.

అమ్మమ్మ లేదు. ఆ రెండు చరణాలు రాసుకోవాలని కూడా నాకప్పుడు తోచలేదు. మొన్న మా అక్క మనవణ్ణి ఊపుతూ అదే వరసలో పాడింది. చివరికొచ్చేసరికి మాటల్లేక కూనిరాగం తీసింది.