బాయ్‌కాట్ ఎవరి ఇంటిపేరు

ఇరవై ఏళ్ల కిందట ఒక కుర్రాడి నోట వచ్చిన సరైన మాటను తప్పని తోసేశాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

అప్పుడు అశోక్ నగర్‌లో గది. గ్రూప్స్‌కు చదువుతున్నాం. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, అర్ధరాత్రి దాకా గదిలో చర్చలు. చరిత్ర నాకు బాగా వచ్చని పేరు, జూనియర్లకు ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే వచ్చేవాళ్లు. మా గదిలో కొత్తగా చేరిన తమ్ముడిది నిజామాబాద్ వైపు ఊరు. తండ్రి గీత కార్మికుడు. ఓ ఆదివారం ఊరికెళ్లి సోమవారం పొద్దున్నే తిరిగొచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. ఏమైందని అడిగితే చెప్పాడు.

"ఊరోళ్లు మమ్ముల బాయ్‌కాట్ చేసిండ్రన్నా. వీడీసీ అడిగిన పైసలు బాపు కట్టనన్నడట. మా కల్లు తాగినా, మాతోని మాట్లాడినా జుర్మానా అని డప్పు కొట్టిచ్చిండ్రు."

వీడీసీ అంటే గ్రామాభివృద్ధి కమిటీ. జుర్మానా ఎంతని నేను అడగలేదు. ఇంట్లో వాళ్లు ఏం తింటున్నారని అడగలేదు. ఆ ఒక్క మాటను పట్టుకున్నాను. "దాన్ని బాయ్‌కాట్ అనకూడదు తమ్ముడూ, వెలి అనాలి" అని మొదలుపెట్టాను. బాయ్‌కాట్ అన్నది ఐర్లాండు మనిషి ఇంటిపేరని, పేద రైతులను కూడగట్టి జమీందార్ల మీద పోరాడిన నాయకుడని, ఆ పోరాట పద్ధతికి ఆయన పేరే నిలిచిపోయిందని చెప్పాను. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి, బెజవాడ, బందరు తిరిగి ప్రచారం చేసిన మాట అది, 1928లో సైమన్ కమిషన్‌ను వెళ్లిపొమ్మన్న మాట అది, దాన్ని మీ ఊరి కమిటీ దౌర్జన్యానికి తగిలించకు అన్నాను. పరీక్షలో అలా రాస్తే మార్కులు పోతాయని కూడా అన్నాను.

"సరే అన్నా" అని తల దించుకున్నాడు. మళ్లీ ఆ ఊసు నా దగ్గర ఎత్తలేదు. నెల తిరక్కుండానే పుస్తకాలు సర్దుకుని ఊరికి వెళ్లిపోయాడు.

నాకు ఉద్యోగం వచ్చిన తర్వాత ఒక సాయంత్రం సుల్తాన్ బజార్ వెళ్లాను. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో పని చూసుకుని, కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర ఆగాను. అట్ట ఊడిన ఐర్లాండు చరిత్ర ఒకటి చేతికొచ్చింది. నేను మెచ్చుకున్న నాయకుడి పేజీ వెతికి, నిలబడే చదివాను. ఆ పేజీలో నాయకుడెవరూ లేడు.

ఛార్లెస్ బాయ్‌కాట్ ఐరిష్‌వాడు కాదు. 1832లో ఇంగ్లండులోని నార్‌ఫోక్‌లో పుట్టాడు. ఐర్లాండు పశ్చిమాన మేయో ప్రాంతంలో ఎర్న్ ప్రభువు భూములకు ఏజెంటు. శిస్తులు వసూలు చేసేవాడు, కట్టలేని కౌలుదార్లను ఖాళీ చేయించేవాడు. 1880లో కౌలుదార్లు శిస్తులో పావు వంతు తగ్గించమన్నారు, దొర పదో వంతుకు మించి తగ్గించనన్నాడు. ఆ సెప్టెంబరు 19న ఎన్నిస్ పట్టణంలో, రైతుల తరఫున పోరాడుతున్న పార్నెల్ వాళ్లకు ఒక దారి చెప్పాడు: వెళ్లగొట్టిన రైతు భూమిని ఎవడైనా తీసుకుంటే వాడిని కొట్టొద్దు, దారిలో, దుకాణంలో, చర్చిలో ఎక్కడ కనబడినా పలకరించొద్దు. కొద్ది రోజులకే బాయ్‌కాట్ మనుషులు నోటీసులు పట్టుకుని గుడిసెల మీదికి వెళ్లారు. ఊరు తిరగబడింది. కూలీలు పొలం వదిలేశారు. కమ్మరి గుర్రానికి నాడా కొట్టనన్నాడు, బట్టలుతికే మనిషి రానంది, దుకాణాలు సరుకు ఇవ్వలేదు. మన ఊళ్లలో నిప్పూ నీళ్లూ పుట్టకుండా చేయడమంటామే, అచ్చంగా అదే.

ఆ పనికి ఒక పేరు కావాల్సి వచ్చింది. చదువుకున్నవాళ్ల మాట పల్లె జనానికి నోరు తిరగదని, బాయ్‌కాట్ అనే అందామని జాన్ ఓమాలీ అనే పాదిరీ అన్నాడట. అలా ఒక మనిషి ఇంటిపేరు క్రియాపదమైంది.  

అంటే ఆ పేరు వెలివేసినవాడిది కాదు, వెలికి గురైనవాడిది. నిజామాబాద్ తమ్ముడు తన ఇంటికి సరిగ్గా ఆ మాటే వాడాడు. తప్పు దిద్దుతున్నానని నేనే తప్పు చెప్పాను.

ఒక తేడా మాత్రం ఉంది, అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. బాయ్‌కాట్ పంట కోయడానికి ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ నుంచి యాభై మంది వచ్చారు. వాళ్లకు వెయ్యి మంది దాకా పోలీసులు, సైనికులు కాపలా. ఐదు వందల పౌండ్ల పంట ఇంటికి చేర్చడానికి పది వేల పౌండ్లయిందని అప్పట్లో లెక్కగట్టారు. ఆ తండ్రి తాటిచెట్ల దగ్గరికి ఎవరూ రాలేదు. కనీసం నగరంలో గది పంచుకున్న అన్న అయినా "పద, పోలీస్ స్టేషన్‌కు పోదాం" అనలేదు.

1947లోనే అంబేడ్కర్ తన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' ప్రతిపాదనలో సాంఘిక బహిష్కరణను నేరంగా చూడాలని రాశాడు. 1991లో చుండూరు దళితులను చంపే ముందు అక్కడి భూస్వాములు వాళ్లను పనుల నుంచి వెలివేశారు. 2015 సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీలను వెలివేయడం అట్రాసిటీ చట్టం కింద స్పష్టంగా నేరం. ఎస్సీ, ఎస్టీ కాని ఆ గీత కార్మికుడి ఇంటికి ఆ సెక్షను వర్తించదు. మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణకు శిక్ష వేసే చట్టం చేసింది. అలాంటి చట్టం తెలంగాణలోనూ రావాలని అడుగుతున్నాను, మీరూ అడగండి. ఆ తమ్ముడు ఇది చదివితే, తను వాడిన మాట సరైనదేనని తెలుసుకోవాలి.