అంతా ఆ పురుగే చేసింది

గూడూరు నుంచి కోట మీదుగా వాకాడు పోయే రోడ్డులో ఏ సెంటర్లో ఫ్లెక్సీ లేచినా ఈమధ్య ఒకటే వరస. నాయకుడు ఎవరైనా కావచ్చు, పార్టీ ఏదైనా కావచ్చు. పాత పార్టీకి దండం పెట్టి కొత్త కండువా కప్పుకున్న మర్నాడు ఆయన కర్ణుడైపోతాడు. ఒంటికి కవచం, చెవులకు కుండలాలు, వెనకాల నేలలో దిగబడిన రథచక్రం. ముఖం మాత్రం పదేళ్ల కిందటి ఎన్నికల కరపత్రంలోది. "అన్న బంగారమబ్బయా, పెద్దాయనే నమ్మించి గొంతు కోశాడు" అని టీ కొట్టు దగ్గర వ్యాఖ్యానం ఉచితం. నిన్నటిదాకా ఆ పెద్దాయన బొమ్మ ఫ్లెక్సీలో తల మీద దేవుడంత ఉండేది. ఇవాళ శాపం పెట్టిన ముసలి ముని.

పార్టీ మారిన ప్రతివాడికీ కర్ణుడి వేషం కట్టేవాళ్లు కనీసం భారతం అట్టయినా తిప్పినట్టు లేదు. పార్టీ మారమని అంత గొప్ప ఆఫరు వచ్చినా మారనివాడు భారతంలో కర్ణుడొక్కడే. రాయబారం చెడి తిరిగి వెళ్తూ కృష్ణుడు అతణ్ణి రథం ఎక్కించుకుని పుట్టుక రహస్యం చెప్పాడు. పెద్దవాడివి నువ్వే, రాజ్యం నీదే, అయిదుగురూ నీ కాళ్ల దగ్గర ఉంటారన్నాడు. మంత్రి పదవి కాదు, ముఖ్యమంత్రి పదవే. కర్ణుడు వద్దన్నాడు. ఆ ఒక్క గుణాన్నీ వదిలేసి మిగతా అలంకారమంతా అద్దెకు తెచ్చుకున్నారు మనవాళ్లు. ఆ మాటకొస్తే 2022 ఏప్రిల్లో మా కోట జనమంతా గడప దాటకుండానే నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారాం. మాకు మాత్రం ఎవరూ కుండలాలు తొడగలేదు.

సరే, నాయకుల సంగతి వదిలేద్దాం, వాళ్ల పొట్టకూటి తిప్పలు వాళ్లవి. నా పేచీ చదువుకున్న వాళ్లతో. వాళ్ల వాదం ఇంకా నున్నగా ఉంటుంది. కర్ణుడు అసలు నాయకుడు, లోకం అతణ్ణి ప్రతినాయకుణ్ణి చేసింది, గురువు శపించాడు కాబట్టే పతనమయ్యాడు అంటారు. రుజువేమిటయ్యా అంటే తొడ చూపిస్తారు. పరశురాముడు శిష్యుడి ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయాడు. పురుగొకటి శిష్యుడి తొడ తొలిచింది. గురువుకు నిద్రాభంగమవుతుందని శిష్యుడు కదలకుండా కూర్చున్నాడు. నెత్తురు తగిలి గురువు లేచాడు, ఇంత ఓర్పు బ్రాహ్మడికి ఉండదని పసిగట్టాడు, అవసరానికి అస్త్రం గుర్తుకు రాదని శపించాడు. కథ ఇక్కడికి వచ్చేసరికి మా వాళ్లలో సగంమందికి కళ్లనీళ్లు. ఆ పురుగు గనక దారి తప్పి ఇంకో తొడ చూసుకుని ఉంటే భారతయుద్ధమే ఉండేది కాదన్నంత దూరం పోతారు.

మహేంద్రగిరి మీద ఆ శిష్యుడు ఎలా చేరాడో మాత్రం అడగకూడదు. అది మన శ్రీకాకుళం జిల్లా మందసకు ఎగువన, ఒడిశా సరిహద్దులో ఉన్న కొండ. భృగువంశపు బ్రాహ్మణ్ణని చెప్పి చేరాడు. ఈ దేశంలో దొంగ క్యాస్ట్ సర్టిఫికెట్టుతో సీటు కొట్టిన మొదటి విద్యార్థి ఆయనే అయి ఉండాలి. ఏ అస్త్రం కోసం? బ్రహ్మాస్త్రం. ఎవరి మీద? అర్జునుడి మీద. శాంతిపర్వంలో నారదుడు ధర్మరాజుకు ఈ కథ దాపరికం లేకుండా చెప్తాడు. శపించిన పరశురాముడే, నీకు సాటివచ్చే క్షత్రియుడు భూమ్మీద ఉండడని కూడా అని పంపాడు. ఆ సగం ఏ ఫ్లెక్సీలోనూ కనపడదు. ఇంకో సంగతి, రథచక్రం దిగబడింది గురువు శాపంతో కాదు. పొరపాటున ఆవును చంపినందుకు ఆ ఆవుగల బ్రాహ్మడు పెట్టిన శాపమది. పాపం పరశురాముడు, చెయ్యని శాపానికి కూడా ముద్దాయి అయ్యాడు.

పుట్టుక పేరు చెప్పి కర్ణుణ్ణి అవమానించడం నిజం. ద్రోణుడు బ్రహ్మాస్త్రం ఇవ్వననడానికి పుట్టుకనే అడ్డం పెట్టాడు. విద్యా ప్రదర్శన నాడు కృపుడు వంశం అడిగాడు, భీముడు చర్నాకోల పట్టుకో పొమ్మన్నాడు. అది అన్యాయమే, అందులో నాకు సందేహం లేదు. అయితే పుట్టుక దెబ్బ తిన్నది భారతంలో అతనొక్కడేనా? దాసీ కొడుకైన విదురుడు నిండుసభలో ద్రౌపది పక్షాన మాట్లాడాడు. ధృతరాష్ట్రుడికి గాంధారి కడుపున పుట్టని కొడుకు యుయుత్సుడు యుద్ధం మొదలయ్యే నాడు అందరూ చూస్తుండగా ధర్మరాజు వైపు నడిచాడు. ఏకలవ్యుడికి బొటనవేలే పోయింది. అయినా ఎవరి చీరా లాగమని అతను కేక పెట్టినట్టు ఎక్కడా లేదు.

చీర సంగతి వచ్చింది గనక, జూదం నాడు కౌరవుల్లో ఒక్కడు లేచి ఇది తప్పన్నాడు. వికర్ణుడు, దుర్యోధనుడి తమ్ముడు. అతణ్ణి కుర్రకుంకవంటూ కూర్చోబెట్టింది ఎవరు? ద్రౌపదిని అనరాని మాట అని, ఆమె వలువలు ఊడ్చమని దుశ్శాసనుడికి చెప్పింది ఎవరు? అక్కడ పురుగు లేదు, ముని లేడు, ఆవు లేదు. అభిమన్యుడి విల్లు విరగ్గొట్టిన రోజున ఏ అస్త్రమూ మరుపుకు రాలేదు. విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కన మన నెల్లూరువాడే, మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు. చక్రం దిగబడ్డప్పుడు కర్ణుడు ధర్మం ఎత్తడం, ఆ సభలో నీ ధర్మం ఎక్కడికి పోయిందని కృష్ణుడు వరసపెట్టి అడగడం, కర్ణుడు సిగ్గుతో తల వంచుకోవడం ఆయన వాటాకు వచ్చిన కర్ణపర్వం కథే. కర్ణుడు తల వంచుకున్నాడు. అభిమానులు ఇంకా వంచలేదు.

గురువు మీద కేసు పెట్టాలంటే దానికి వేరే దారి ఉంది. పరశురాముడి శిష్యుల చిట్టా తీయండి. భీష్ముడు. అంబ విషయంలో గురువుతోనే 23 రోజులు యుద్ధం చేసిన బుద్ధిమంతుడు. ద్రోణుడు. ఆస్తంతా పంచేసిన పరశురాముడి దగ్గర మిగిలిన అస్త్రాలు పట్టుకెళ్లినవాడు. తర్వాత కర్ణుడు. ముగ్గురికి ముగ్గురూ కౌరవ సేనాధిపతులే. పది రోజులు, అయిదు రోజులు, రెండు రోజులు. పద్దెనిమిదిలో పదిహేడు ఒకే కొండ మీది బ్యాచ్. ఈ ఫలితాలు ఏ కోచింగ్ సెంటరుకు వచ్చినా మా జిల్లాలో పేపరు మొదటి పేజీ సరిపోయేది కాదు.

ఈ జాలి గాలికి సినిమా పెద్ద విసనకర్ర. 1977 సంక్రాంతికి 'దాన వీర శూర కర్ణ', 'కురుక్షేత్రం' ఒకే రోజున పోటీపడ్డాయి. మొదటిదాంట్లో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ముగ్గురూ ఎన్టీఆరే, దర్శకుడూ నిర్మాతా ఆయనే. కొండవీటి వెంకటకవి మాటలు ఇప్పటికీ మైకు దొరికినవాడి నోట్లో మోగుతుంటాయి. దుర్యోధనుడికీ డ్యూయెట్ దక్కింది. 2024లో 'కల్కి' చివర ప్రభాస్ కర్ణుడని తేలగానే హాళ్లలో కాగితాలు ఎగిరాయి. నిద్రపోతున్న ఉపపాండవుల్ని కోసిన అశ్వత్థామ అందులో అమితాబ్. ఆయన మీదా మనకు గౌరవమే.

ముగ్గుర్నీ తానే వేసిన ఎన్టీఆర్‌కు 1995 ఆగస్టులో సొంత తెలుగుదేశం పార్టీయే తిరగబడ్డప్పుడు ఎవరు ఏ వేషం వేస్తారో ఎంచుకునే వీలు లేకపోయింది. అల్లుడు చంద్రబాబును దశమగ్రహమని తిట్టిపోశారు. సెప్టెంబరు 1న అల్లుడు ముఖ్యమంత్రి. 1996 జనవరి 18న మామ లేరు. ఇప్పుడు ఆ పార్టీ ప్రతి ఫ్లెక్సీ మీదా మామగారి బొమ్మే. ఆ కథలో కర్ణుడెవరు, దుర్యోధనుడెవరు, శాపం ఎవరిది? ఫ్లెక్సీ ఏ ఇంటి గోడకు కట్టారో చూసి చెప్పాలి.

ఒక్క కర్ణుడి దగ్గర మాత్రం ఈ గజిబిజి లేదు. ఆఫరు వద్దన్న ఆ రథం మీదే కృష్ణుడితో అన్నాడు, దుర్యోధనుణ్ణి మెప్పించడానికి పాండవుల్ని పరుషంగా తిట్టాను, దానికిప్పుడు కుమిలిపోతున్నాను అని. గురువు పేరు ఎత్తలేదు. పురుగు పేరు ఎత్తలేదు. దిగబోయే ముందు ఒక్క కోరిక కోరాడు. నా పుట్టుక సంగతి ధర్మరాజుకు చెప్పకు, తెలిస్తే రాజ్యం నాకిచ్చేస్తాడు, నేను దుర్యోధనుడికి ఇచ్చేస్తాను అన్నాడు. అంటే తన ఫ్లాష్‌బ్యాకు బయటపెట్టొద్దని బతిమాలుకున్న మనిషి. మనవాళ్లేమో కండువా మడత నలగకముందే దాన్ని ఇరవై అడుగుల గుడ్డ మీద రంగుల్లో అచ్చేయించి, రెండు వైపులా లైట్లు పెట్టించి, కరెంటు స్తంభానికి కడుతున్నారు.