చారు పర్లేదు: టీకా తాత్పర్య సహితము

అవతారిక: అమెరికాలో థాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం వస్తుంది. 1863లో లింకన్ ప్రకటనతో దేశమంతా ఏటా జరుపుకోవడం మొదలైంది. ఏ గురువారమన్న తేదీ గొడవ మాత్రం 1941లో చట్టం వచ్చాకే తీరింది. డల్లాస్‌లో ఉన్న కూతురు ఆ పూట స్నేహితుల ఇంట్లో అందరూ బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక కృతజ్ఞత చెప్పుకోవడం చూసింది. వెంటనే విజయవాడ పుట్టింటికి వీడియో కాల్‌లో శాసనం జారీ చేసింది: ఏడాదికి ఒక్క పూట చాలదు, రోజూ రాత్రి భోజనాల దగ్గర ఒకరికొకరు ఒక మంచి మాట చెప్పుకోవాలి. మొదటి వంతు నాన్నది. ఆయన చాలాసేపు కంచంలోకి చూసి ఈ సూత్రం వెలువరించారు.

మూలం: ఊఁ. చారు పర్లేదు. ఇంకో గరిటె వెయ్యి.

టీక: ఊఁ = కూతురు ఫోనులోనుండి చూచుచుండుటచే తప్పించుకొను దారి లేక; చారు = కంచమునందలి ద్రవపదార్థము; పర్లేదు = మిక్కిలి రుచిగా నున్నది; ఇంకో = ఇదివరకే రెండు మార్లు పోసితివి గాని చాలలేదు; గరిటె = గరిటెడు; వెయ్యి = నీవిప్పుడే కూర్చుంటివి, అయినను లేచి వడ్డింపుము.

తాత్పర్యము: ఓ ఇల్లాలా! పెండ్లియైన నాటినుండి నీ చేతి వంట తినుచున్నాను. అది లేనిచో నా గతి యేమగునో యెఱుగుదును. ఈ మాట నోట పలుకుట నాకు చేతగాదు. కావున మారు అడుగుటయే నా స్తోత్రమని గ్రహింపుము.

విశేషం: పర్లేదు అనేది ఈ ఇంట్లో మొదటి శ్రేణి ప్రశంస. దాని తర్వాతది మౌనం. ఆ తర్వాతది, ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాపడం.

కొల్చారం మల్లినాథసూరి మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిన పట్టాడు. ఆ లెక్కన పై తాత్పర్యమంతా కొట్టేయాలి. కానీ ఆయన కాళిదాసుకు టీక రాశాడు, ఈ నాన్నకు కాదు. ఇక్కడ మూలంలో లేనిది పూరించుకోవడమే టీకాకారుడి పని. ఇన్నేళ్లుగా ఆ పని ఇల్లాలే మనసులో చేసుకుంటూ వస్తోంది, వంట కాక ఇదొకటి అదనం.

పూర్వపక్షం: మనవాళ్లకు కృతజ్ఞత చెప్పే అలవాటే లేదని ఒక వాదం. నిలవదు. రథసప్తమికి జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేసి, చిక్కుడాకుల్లో సూర్యుడికి పరమాన్నం పెడతాం. కనుమనాడు ఎడ్లను కడిగి కొమ్ములకు రంగులు వేస్తాం. ఏరువాక పున్నమికి నాగలికి పూజ. భాద్రపద బహుళ పక్షమంతా పోయిన పెద్దలది. ఆయుధపూజ వస్తే, ఏడాదంతా సర్వీసింగు మొహం చూడని స్కూటరుకు కూడా బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం, కరవనందుకే కావచ్చు. పశువుకీ, పనిముట్టుకీ, పాముకీ, పోయినవాళ్లకీ తిథి ఉంది. బతికుండి, ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషికే లేదు. పంచాంగం గుణించేవారికి వేళకు చారు అందుతూ ఉండటమే ఈ లోపానికి కారణమని నా అభిప్రాయం.

పాఠాంతరం: ఇంజనీరింగు చదివే కొడుకు ప్రతిలో "సూపర్ మా" అని ఉంది. ఫోను మీంచి తల ఎత్తకుండా పలికినది, పైగా ఆ రాత్రి అతను తిన్నది పెరుగన్నం. ప్రక్షిప్తమని తోసిపుచ్చాం.

ఖండన: ఇల్లాలి భాష్యం ఒక్క వాక్యం: "అది చారు కాదండీ, ముక్కల పులుసు." టీకలో ఆ పదానికి ద్రవపదార్థమని మాత్రమే రాసి ఊరుకోవడం ఎంత మంచిదైందో పాఠకులు గమనించగలరు.

మర్నాటి రాత్రి వెలువడిన రెండో సూత్రం: "నిన్న చెప్పాను కదా." దీనికి టీక అనవసరం. మీ ఇంట్లో ఇంతకన్నా మేలైన పాఠం ఏదైనా ఉంటే పరిష్కర్తకు పంపకండి. ఇవాళ రాత్రి వంట చేసినవారికి వినిపించి, లేచేటప్పుడు మీ కంచం మీరే తీయండి.