గంటం కింద, పందిరి పైన: ఒక తాటాకు ఆత్మకథ

నేను తాటాకును. జనగామ నుంచి పాలకుర్తి పోయే తోవలో చెలక గట్ల మీద నిలబడ్డ చెట్లు మావే. గీత కార్మికుడు మోకు వేసుకుని ఎక్కి కల్లు దించుతాడు, ఎండాకాలంలో పిల్లలు ముంజలు జుర్రుకుంటారు. నన్ను మాత్రం రెండు పనులకు దించేవాళ్లు. ఒకటి పుస్తకం కట్టడానికి, రెండోది పందిరి కప్పడానికి. కాగితం వచ్చి మొదటి పని పోయింది. టెంటుహౌసు షామియానాలు వచ్చి రెండోదీ చాలామటుకు పోయింది. అయినా కవిత్వం గురించి మాట్లాడే హక్కు నాకుందనే అనుకుంటాను. కొన్ని వందల ఏళ్లు కవిత్వాన్ని నా మీద రాశారు, ఆ తర్వాత నా నీడన కూర్చుని చదివారు. ఉగాదికో, జులై 22న దాశరథి జయంతికో, సెప్టెంబర్ 9న కాళోజీ పుట్టినరోజుకో మన పట్టణాల్లో కవి సమ్మేళనం పెట్టుకోవడం ఆనవాయితీ. ఆ పండుగ గురించి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సభ ముగిసిన మర్నాటి నుంచి ఊళ్లో కొత్తగా ఎంతమంది రాయడానికి కూర్చున్నారో చూసి దాని విలువ కట్టాలి. అందుకని పొద్దంతా రాత నేర్చుకునే కార్యశాల జరగాలి, సమ్మేళనం పొద్దుగూకినంక మొదలుకావాలి.

కవిత్వం నేర్పితే వస్తుందా అని అడిగేవాళ్లున్నారు. వాళ్లకు గట్టి సాక్ష్యం ఈ జిల్లాలోనే దొరుకుతుంది. బమ్మెర పోతనను సహజ పండితుడంటారు కదా, గురువు లేకుండానే భాగవతం తెనిగించినవాడి ఊరి పక్కన కార్యశాల ఎందుకంటారు. నా ఒంటి మీద జరిగినదే దీనికి జవాబు. చెట్టున ఉన్న ఆకు మీద ఎవరూ రాయలేరు. మరీ లేతదైతే గంటం దిగబడి చిరుగుతుంది, ముదిరితే పెళుసెక్కి విరుగుతుంది. అదను చూసి కోయాలి. ఈనె తీసి, ఒక్క కొలతకు కత్తిరించి, నీళ్లలో ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, పసుపు పట్టించి, నున్నటి రాయితో రుద్ది, తాడు దూరడానికి బెజ్జం పొడిస్తే అప్పుడు తాళపత్రం అనిపించుకుంటాను. ఇంత చేసినా గీతను అడ్డంగా బలంగా లాగితే పోగు వెంట చీలిపోతాను. తెలుగు అక్షరం గుండ్రంగా తిరగడానికి నా పోగులే కారణమని లిపి చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది అంటారు. ఆకు చెట్టు ఇచ్చిందే, రాతకు లొంగే గుణం మాత్రం మనుషుల చేతులు ఇచ్చాయి. పోతనకు పుట్టుకతో ఎంత వచ్చినా రానీ, ఛందస్సూ, వ్యాసుడి సంస్కృతం మీద పట్టూ, అంత్యప్రాస మోగే చోటును పట్టుకునే చెవీ ఊరికే రావు. ఎవరి దగ్గర సాధన చేశాడన్నది వేరే సంగతి, సాధన జరిగిందన్నది ప్రతి పద్యంలో కనబడుతూనే ఉంది.

ఇంకొకటి కూడా భాగవతమే చెబుతుంది. రాచకొండ సింగభూపాలుడు ఆ గ్రంథాన్ని నేలలో పాతిపెట్టించాడనీ, బయటికి తీసేసరికి కొన్ని భాగాలు చెదలు తినేశాయనీ ఒక కథ ఉంది. కథ మాట ఎట్లా ఉన్నా, ఐదో స్కంధం గంగనది, ఆరోది ఏర్చూరి సింగనది, పదకొండు, పన్నెండు వెలిగందల నారయవి. మనం పోతన భాగవతం అని ఒక్క పేరుతో పిలుచుకునేది నలుగురి చేతిరాత. పక్కనో, వెనకనో అదే పద్యం పట్టుకోగలిగినవాళ్లు లేకపోతే ఆ పుస్తకం సగంలోనే ఉండిపోయేది. చెదల సంగతి నాకు బాగా తెలుసు. మా జాతికి ఆయుష్షు తక్కువ. చెమ్మ తగిలితే బూజు పడుతుంది, కట్ట విప్పకుండా అటక మీద పెట్టేస్తే పురుగు తొలుస్తుంది. పదిహేనో శతాబ్దపు పద్యం ఇవాళ మీ నోట ఉందంటే, నడుమ ఎన్నో చేతులు పాత ఆకు ముందు పెట్టుకుని కొత్త ఆకు మీద తిరగరాశాయన్నమాట. అచ్చు వచ్చాక తిరగరాసే పని పోయింది గానీ, కవిత్వాన్ని ఒక తరం చేతి నుంచి ఇంకో తరం చేతికి అందించే పని పోలేదు. చిన్న ఊళ్లో ఆ పని చేయగలిగేది పది మంది చుట్టూ కూర్చుని రాసే బల్ల ఒక్కటే.

పెద్ద పండుగలు పట్నంలో జరుగుతున్నాయి, మహబూబాబాద్‌లోనో భూపాలపల్లిలోనో పెడితే ఎవరొస్తారన్నది రెండో అభ్యంతరం. 2017 డిసెంబర్‌లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు ప్రాంగణానికి పాల్కురికి సోమన పేరు, వేదికకు బమ్మెర పోతన పేరు పెట్టారు. సంతోషమే. పేర్లు పట్నం పోయాయి, వాళ్ల ఊళ్లు పాలకుర్తి, బమ్మెర మాత్రం ఇక్కడే ఉన్నాయి. మన సాహిత్యంలో పెద్ద పనులు చాలా చిన్న చోట్లనే మొదలయ్యాయి. ఇవాళ మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు 1922లో తెనుగు పత్రిక నడిపారు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు బడే దొరకని రోజులవి. 1944లో ఓరుగల్లు కోటలో సారస్వత పరిషత్తు సభలకు వేసిన పందిళ్లను రజాకార్లు తగలబెట్టారు. సభ ఆగలేదు, ఆ కాలిన పందిళ్ల నడుమనే దాశరథి పద్యాలు చదివాడు. పందిరిగా బతికిన నాకు దీనికన్నా పెద్ద మాట చెప్పడం చేతకాదు. 1953లో అదే పరిషత్తు అలంపురంలో సభలు పెడితే సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు, కాళోజీ కవితా సంపుటి ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది అక్కడే. అలంపురం అప్పుడూ ఇప్పుడూ చిన్న ఊరే.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. కవులు ఇప్పటికే ఎక్కువయ్యారు, ఇంకా తయారుచేస్తే నాసిరకం పెరుగుతుందంటారు. ఇందులో నిజం ఉంది, దాచను. ఒక్క సాయంత్రంలో యాభై మంది చదివే సమ్మేళనాలున్నాయి. జ్యోతి వెలిగించి, అతిథులు మాట్లాడి, శాలువాలు కప్పేసరికి పొద్దుపోతుంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలంటారు. తన వంతు అయ్యాక ఫొటో దిగి వెళ్లేవాళ్లు వెళుతుంటే, చివర చదివేవాళ్లకు కుర్చీలే మిగులుతాయి. ఈ జబ్బుకు మందు కవులను తగ్గించడం కాదు, వినడం నేర్పడం. కార్యశాలలో తన పద్యాన్ని నలుగురి ముందు పెట్టి, ఏ మాట ఎక్కువైందో, ఏ పాదం కుంటుతోందో చెప్పించుకున్నవాడికి ఎదుటివాడి పద్యం వినే ఓపిక అదే వస్తుంది. నా మీద రాసే రోజుల్లో అనవసరపు మాట రాయడమంటే ఒక ఆకు దండగ. అందుకని గంటం ఎత్తేముందే మాటను నోట్లో తిప్పి చూసుకునేవాళ్లు. కాగితానికి, ఫోనుకు ఆ ఖరీదు లేదు. ఆ ఖరీదును గుర్తుచేసేది, కొట్టివేత నేర్పే పెద్దలు పక్కన కూర్చోవడమే. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచికలో 354 మందిని చూపించాడు. అప్పుడు లెక్క అవసరమైంది. ఇప్పుడు లెక్క చాలు, నాణ్యం కావాలి. దాన్ని వేదిక ఇవ్వలేదు.

ఎవరిని కూర్చోబెట్టాలన్నది కూడా తేల్చుకోవలసిందే. దీనికి పాల్కురికి సోమన దారి చూపాడు. మార్గ కవిత్వం రాజ్యమేలుతున్న పదమూడో శతాబ్దంలో ద్విపదను ఎత్తుకున్నాడు. జనం పాడుకోగలిగింది అదేనని ఆయన నమ్మకం. పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం భక్తులు పాడే తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు పేరుపేరునా చెప్పాడు. వినకుండా అంత పట్టిక రాయడం ఎవరి తరమూ కాదు. ఆయనకు తెలుగుతోపాటు కన్నడం, సంస్కృతం వచ్చు. అట్లాంటివాడి నేల మీద తెలుగు ఒక్కటే తెలిసినవాళ్లకు బల్ల వేస్తే చాలదు. మహబూబాబాద్ లంబాడీ తండా పిల్ల ఇంట్లో గోర్‌బోలి మాట్లాడుతుంది, బడిలో తెలుగు రాస్తుంది. తీజ్ పండుగకు బుట్టల్లో గోధుమ నారు పోసి తొమ్మిది రోజులు పాడే పాటలు ఆమెకు కంఠతా వచ్చు. తెలుగు లిపిలో గోర్‌బోలి రాసుకోమంటే ఆ పిల్ల చేతిలో ఏం బయటపడుతుందో ఆలోచించండి. భాష కలుషితమవుతుందని కొందరికి భయం. సోమన కన్నడం రాసినందువల్ల ఆయన తెలుగు చెడలేదు. ఇక భూపాలపల్లి. మాకు చెప్పుకోను పోతన లేడు, బొగ్గు బావులే ఉన్నాయని అక్కడివాళ్లు వెనకాడనక్కరలేదు. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి నిజామాబాద్ జైలు గోడ మీద రాసింది పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుముక్కతోనే. గనిలో షిఫ్టు దిగి వచ్చిన మనిషికి బొగ్గు గురించి చెప్పడానికి మనందరికన్నా ఎక్కువ ఉంది. సాయంత్రం ఆరింటికి మొదలయ్యే సభ అతని షిఫ్టుకు కుదరకపోతే సభ వేళ మార్చాలి.

పందిరి కింద నేనిప్పుడు అడిగేది పెద్ద ఖర్చేమీ కాదు. కార్యశాల మొదటి పూట పిల్లల చేతికి తలా ఒక తాటాకు ముక్క, ఒక మొనగల ఇనుప పుల్ల ఇవ్వండి. రాయమనండి. గంటంతో గీసినప్పుడు నా మీద అక్షరం కనబడదు, సన్నటి గాటు మాత్రమే ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది, కంటికి ఆనదు. రాసినవాడికి తప్ప ఇంకెవరికీ అక్కడ పద్యం ఉందని తెలియదు. తర్వాత దీపపు మసిని ఆకు పసరులో కలిపి, గుడ్డతో అద్ది, ఆకు మొత్తం నల్లగా పూయమనండి. ఇంకో గుడ్డతో పైపైన తుడవమనండి. నలుపు గాట్లలో నిలిచిపోయి, పచ్చటి ఆకు మీద వాళ్ల అక్షరాలు ఒక్కొక్కటే తేలి వస్తాయి. ఆ ఆకును పక్కవాడికిచ్చి, పైకి చదవమనండి.