పేజీ నంబరు బాబాయి

గోదావరి డెల్టాలో ఏ ఊరికెళ్లినా రావిచెట్టు అరుగు మీద ఒక పేజీ నంబరు బాబాయి దొరుకుతాడు. "నాటిన చేలో ఆకులు తుప్పు రంగుకి తిరిగాయి బాబాయ్" అనండి, మొక్క వైపు చూడడు. "జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు. పోయినేటి పంచాంగంలో కుడివైపు పేజీ, అడుగున" అంటాడు. పంచాంగమంటే తిథివారాలది కాదు, రంగా వర్సిటీ వాళ్లు ఏటా వేసే వ్యవసాయ పంచాంగం. దానికి యూరియా బస్తా కత్తిరించి అట్ట వేస్తాడు. అన్నదాత పాత సంచికలు అటక మీద, రైతు సదస్సుల్లో పంచిన కరపత్రాలు పరుపు కింద. పకోడీల నూనె పీల్చడానికి పిన్ని ఒక్క కాగితం లాగిందా, ఆ పూట ఇంట్లో కురుక్షేత్రమే.

పత్రికలకి ప్రశ్నలు కూడా పంపుతాడు. సార్వా నడుమ ఆకుముడత గురించి రాసిన కార్డుకి జవాబు నూర్పిళ్లయ్యాక అచ్చయింది. పురుగు తినాల్సింది తినేసి వెళ్లింది. అయితేనేం, ఇంటిపేరు అచ్చుతప్పు లేకుండా పడింది. "దాళ్వాకి పనికొస్తుందిలే" అని కత్తిరించి దాచుకున్నాడు.

ఆ తర్వాత కాలిబాటల మీద పడ్డాడు. ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల బాట, తూర్పు పడమరలుగా. దర్జీ టేపు పట్టుకుని నాట్ల ముఠాకి అడ్డం నిలబడ్డాడు.

"ఇంత చేను బోడిగా వదిలేత్తే గింజలెక్కడ పండుతాయండీ?" అంది మేస్త్రమ్మ.

"గాలీ వెలుతురూ మొదళ్లకి తగిలితే సుడిదోమ నిలవదమ్మా. చదువుతాను, విను."

"మీరు చదివేలోగా నారు ముదిరిపోద్దండి, ఆయ్!"

ఊరంతా నవ్వింది. అచ్చులో ఉన్నది బురదలోకి దిగాలంటే ముందుగా ఒకడు నవ్వులపాలవ్వాలి మరి. ఆ ఉద్యోగానికి జీతం లేదు.

ఆ సార్వాకే దోమ దిగింది. పక్క చేలు సుళ్లుసుళ్లుగా ఎండాయి, బాబాయి చేను నిలబడింది. ఎలాగని ఒక్కడూ అడగలేదు. సైకిలు చైను ఊడినట్టు గట్టు మీద కూర్చుని, బాట వెడల్పు జానతో కొలుచుకుపోయారు. మరుసటి ఏడు కాలవ పొడుగునా కాలిబాటలే. బాబాయి కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాడు.

"ఒరే, ఉత్తర దక్షిణాలుగా తీశారేంట్రా?"

"మీ చేను చూసే తీశాం గదా బాబాయ్."

"చూసి నేర్చుకుంటే ఇలాగే తగలడుద్ది!" అంటూ సంచిలోకి చెయ్యి పెట్టాడు. "కూర్చోండి. మొదటి పేజీ నుంచి చదువుతాను."